ఒక టీచర్ల సంఘం ఓడిపోయిన కథ

ఏటా ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారి ఫోటోకి దండ పడుతుంది. తెలుగు భాషా దినోత్సవం కదా. ఆ రోజు ఉపన్యాసాల్లో ఆయన్ని పిడుగు అంటారు, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అంటారు, పండితుల చెర నుంచి భాషని విడిపించారంటారు. తప్పేం లేదు. కానీ విని వచ్చినవాళ్ళకి మిగిలే బొమ్మ ఒకటే: సాహిత్యం కోసం పోరాడిన ఒక భాషావేత్త. ఆయన రోజూ పొద్దున్నే లేచి ఏ పనికి వెళ్ళేవారో ఎవరూ గుర్తు చెయ్యరు.

ఆయన బడిపంతులు. 1880లో, పదిహేడేళ్ళ వయసులో, ముప్ఫై రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చేరారు. ఫస్టు ఫారం పిల్లలకి చరిత్ర చెప్పడం పని. ఫస్టు ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతి. అప్పటి లెక్కలో ఒకటి నుంచి మూడు ఫారాలు మిడిల్ స్కూలు, ఆ పైన హైస్కూలు. అంటే ఇవాళ మనం ఈ పేజీలో చదువుకుంటున్న ఈ మాటల వెనక, 'చేసెను' బదులు 'చేశాడు' అని రాసుకునే ఈ స్వేచ్ఛ వెనక, ఒక మిడిల్ స్కూలు చరిత్ర టీచరు ఉన్నారు.

ఆయన ఒక్కరే కాదు. ఆ ఉద్యమానికి ముందు వరసలో నిలబడినవాళ్ళలో ఒకరు స్కూళ్ళ ఇన్స్పెక్టరు, ఒకరు కాలేజీ ప్రిన్సిపాలు, ఒకరు ఒకప్పటి స్కూలు మాస్టారు, తర్వాత లెక్చరరు. వాళ్ళు మొదట మాట్లాడింది కవుల సభల్లో కాదు, టీచర్ల సభల్లో. పెట్టుకున్న సంఘం కూడా టీచింగ్ గురించే. మన సాహిత్య చరిత్ర ఈ సంగతిని ఒక పేరాలో దాటేసి కన్యాశుల్కం దగ్గరికో ముత్యాల సరాల దగ్గరికో వెళ్ళిపోతుంది. ఆ పేరా దగ్గరే ఇంకాసేపు ఆగుదామని ఈ వ్యాసం. ఎందుకంటే ఆ టీచర్ల సంఘం తను ఏ పని కోసం పుట్టిందో ఆ పనిలో ఓడిపోయింది. గెలిచింది సాహిత్యం. ఈ రెంటికీ తేడా ఉంది.

*

కథ విశాఖపట్నంలో మొదలవుతుంది. 1907 నాటి విశాఖ అంటే ఇప్పుడు మనం వన్ టౌన్ అని పిలుచుకునే పాత ఊరూ, దాని చుట్టుపక్కలా. హార్బరు ఇంకా లేదు, అది 1933లో వచ్చింది. స్టీల్ ప్లాంటు ఎవరి ఊహలోనూ లేదు. ఓడలు లోపలికి వచ్చే వీలు లేక సముద్రంలోనే ఆగేవి, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. కానీ బళ్ళు మాత్రం ఉన్నాయి. సెయింట్ అలోషియస్ 1847 నాటిది. మిసెస్ ఏవీఎన్ కాలేజీ 1860లో స్కూలుగా మొదలై 1878లో కాలేజీ అయింది, తర్వాత అంకితం వారి దానంతో ఆ పేరు తెచ్చుకుంది. చంద్రశేఖర అయ్యరు గారనే లెక్చరరు అక్కడ లెక్కలూ ఫిజిక్సూ చెప్పేవారు. ఆయన కొడుకు సెయింట్ అలోషియస్‌లో చదువుకున్నాడు. ఆ కొడుకు పేరు సి.వి. రామన్.

1907లో ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు. తమిళుడు. 1863లో పుట్టారు, అంటే గిడుగు వారి ఈడే. గురజాడ అప్పారావు గారు వీళ్ళ కంటే ఒక ఏడాది పెద్ద. అయ్యంగారికి తత్వశాస్త్రం మీద ఆసక్తి, దివ్యజ్ఞాన సమాజం వారితో సంబంధం. 1909లో భారతీయ తత్వశాస్త్రం మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. తర్వాతి రోజుల్లో తమిళుల ప్రాచీన చరిత్ర రాసి చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నారు. తమిళనాట ఆయన్ని ఆ పుస్తకాలతోనే గుర్తు పెట్టుకున్నారు. మనం అలాగైనా పెట్టుకోలేదు.

ఆ ఏడాది జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకి స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చాడు. ఇన్స్పెక్టరు పని బళ్ళు తిరగడం, వెనక బెంచీలో కూర్చుని పాఠం వినడం, రిపోర్టు రాయడం. తెలుగు క్లాసులు విన్నప్పుడు ఆయనకి ఒక సంగతి బోధపడలేదు. పుస్తకంలో ఒక తెలుగుంది. ఆ క్లాసు అయ్యాక పిల్లలూ పంతులుగారూ మాట్లాడుకునేది ఇంకో తెలుగు. పండితుడు పద్యానికి అర్థం చెప్తే ఆ అర్థం కూడా మళ్ళీ పుస్తకం తెలుగులోనే ఉంటోంది. మరి పిల్లవాడికి అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది? వాడు రాసే వాక్యం వాడిదేనా, లేక బట్టీయా?

ఈ అనుమానాన్ని యేట్స్ అయ్యంగారి దగ్గర పెట్టాడు. అయ్యంగారు తనకి తోచిన జవాబేదో చెప్పి పంపెయ్యలేదు. దీనికి సరిగ్గా సమాధానం చెప్పగలిగినవాళ్ళు ఇద్దరున్నారు, ఒకరు విజయనగరంలో గురజాడ, ఇంకొకరు పర్లాకిమిడిలో గిడుగు, వాళ్ళని అడగండి అన్నారు. తనకి తెలియని చోట తెలిసినవాళ్ళని చూపించడం చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, సంఘం నడిపేవాళ్ళకి అదే పెద్ద గుణం. తెలుగు తన మాతృభాష కాని ఒక ప్రిన్సిపాలు, తెలుగు అసలే రాని చోటి నుంచి వచ్చిన ఒక ఇన్స్పెక్టరు, ఎప్పుడో విజయనగరంలో ఒకే బళ్ళో చదువుకున్న ఇద్దరు స్నేహితులు. నలుగురూ అలా కలిశారు.

*

గిడుగు వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. దానికి కారణం తెలుగు కాదు, సవర.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ భాషకి తెలుగుతో చుట్టరికం లేదు, అది ముండా కుటుంబానికి చెందింది. గిడుగు ఆ భాష నేర్చుకోవాలనుకున్నారు. పుస్తకాలు లేవు కాబట్టి తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. తర్వాత సవర పిల్లల కోసం పాఠాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. ఆయన సవర మాన్యువల్ 1931లోనూ, నిఘంటువులు 1933, 1938ల్లోనూ వెలువడ్డాయి. అంటే దాదాపు జీవితమంతా చేసిన పని అది.

వ్యాకరణ పుస్తకం లేని భాషని నోటి నుంచి నేర్చుకున్న మనిషికి ఒకటి బాగా తెలిసొస్తుంది. భాష మొదట ఉండేది నోట్లో. పుస్తకంలోకి వచ్చేది తర్వాత. అలాగే, పిల్లవాడికి రాని భాషలో పాఠం చెప్తే ఏమవుతుందో కూడా సవర పిల్లల దగ్గర ఆయన కళ్ళారా చూసి ఉంటారు. అక్కణ్ణించి తెలుగు క్లాసు వైపు చూస్తే, తెలుగు పిల్లవాడి పరిస్థితి కూడా అంత భిన్నంగా కనపడి ఉండదు. ఆయన ఉద్యమానికి మూలం కొండ మీది ఆ బళ్ళేనని నాకనిపిస్తుంది. పండితులతో వాదించడానికి కావాల్సిన శాసనాలు, పాత కావ్యాల్లోని ప్రయోగాలు అన్నీ తర్వాత పోగు చేసుకున్నారు. ప్రశ్న మాత్రం క్లాసులో పుట్టింది.

గురజాడ దారి వేరు. ఆయన కూడా 1884లో విజయనగరంలో స్కూలు మాస్టారుగానే మొదలుపెట్టారు. కానీ 1907 నాటికి రాజాస్థానం పనుల్లో ఉన్నారు. 1897లో కన్యాశుల్కం వాడుక భాషలో అచ్చు వేసి చూపించారు. అంటే ఈ భాషలో రాయొచ్చు అనడానికి సాక్ష్యం ఆయన చేతిలో ఉంది. ఒకరి దగ్గర క్లాసు అనుభవం, ఇంకొకరి దగ్గర పుస్తకం, ఇంకొకరి దగ్గర కాలేజీ, ఇంకొకరి దగ్గర ప్రభుత్వ హోదా. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే టీమ్ కుదిరింది.

*

1907 నుంచి 1910 దాకా గిడుగు ఊరూరా టీచర్ల సభల్లో మాట్లాడారు. ఆ రోజుల్లో టీచర్ల సభ అంటే ధర్నా కాదు. జిల్లాలో పనిచేసే పంతుళ్ళు ఒకచోట చేరి, మోడల్ పాఠం చూసి, బోధన గురించి వ్యాసాలు చదువుకుని, ఇన్స్పెక్టరు గారి మాటలు విని వెళ్ళే సమావేశం. అలాంటి చోట గిడుగు లేచి జీవద్భాష గురించి చెప్పేవారు. విన్నవాళ్ళలో సగం మంది తెల్లబోయి ఉంటారు. ఎందుకంటే బాలవ్యాకరణానికి విరుద్ధంగా రాస్తే పిల్లవాడికి మార్కులు కొట్టెయ్యడం వాళ్ళు రోజూ చేసే పని. 1858 నాటి ఆ వ్యాకరణం అప్పటికి యాభై ఏళ్ళుగా తప్పొప్పులకి కొలబద్ద.

ఈ రోజుల్లోనే అయ్యంగారు విశాఖలో ఒక సంఘం పెట్టారు. పేరు తెలుగు టీచింగ్ రిఫార్మ్ సొసైటీ. ఆ పేరుని కాసేపు చూడండి. అందులో 'సాహిత్యం' లేదు, 'భాషాభివృద్ధి' లేదు, 'ఆంధ్ర' కూడా లేదు. తెలుగు చెప్పే పద్ధతిని సంస్కరించాలి, అంతే. వాడుక భాష ఆ సంస్కరణలో ఒక భాగం. దీనికి పోటీగా 1911లో జయంతి రామయ్య పంతులు గారి నాయకత్వంలో వచ్చిన సంఘం పేరు ఆంధ్ర సాహిత్య పరిషత్తు. పేర్లలోనే తగువంతా ఉంది. ఒకరికి ఇది పిల్లవాడి సమస్య, ఇంకొకరికి సాహిత్య సమస్య. ఒకరి కళ్ళ ముందు ఫస్టు ఫారం క్లాసు, ఇంకొకరి కళ్ళ ముందు నన్నయ నుంచి వస్తున్న వెయ్యేళ్ళ వారసత్వం. ఇద్దరూ ఒకే మాట గురించి వాదిస్తున్నట్టు కనిపించారు గానీ, వేర్వేరు ప్రశ్నలకి జవాబు చెప్తున్నారు.

సంస్కరణ అన్నాక పుస్తకాలు కావాలి. వాడుక భాషలో పాఠాలు చెప్పండి అంటే సరిపోదు, ఏ పుస్తకం పట్టుకుని చెప్పాలి? సెట్టి లక్ష్మీనరసింహం గారు గ్రీకు పురాణ కథలు రాశారు. ఎందుకు గ్రీకు కథలే అంటే, నా ఊహ ఇది: మన పురాణాల్ని మామూలు మాటల్లో రాస్తే వెంటనే కావ్యాలతో పోల్చి చూస్తారు. గ్రీకు దేవుళ్ళు ఎలా మాట్లాడాలో చెప్పడానికి మన దగ్గర ఏ లక్షణ గ్రంథమూ లేదు.

*

1912-13లో ఫలితం వచ్చింది. స్కూలు ఫైనల్ బోర్డు కార్యదర్శి ఒక మెమో జారీ చేశాడు. తెలుగు వ్యాసరచన పరీక్షని కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాసుకోవచ్చు. విద్యార్థి ఇష్టం. ఆధునిక భాష అంటే ఏమిటో తెలియాలి కాబట్టి ఉదాహరణగా మూడు పుస్తకాలు చూపించారు: బ్రౌన్ తెలుగు రీడర్, ఆర్డెన్ వ్యాకరణం, ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర.

ఇందులో ఒక తమాషా ఉంది. మొదటి రెండు పుస్తకాలూ ఇంగ్లీషువాళ్ళు ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి. దొరలకి రైతుతో, గుమాస్తాతో మాట్లాడాల్సిన అవసరం ఉంది, అందుకని జనం మాట్లాడే తెలుగుని శ్రద్ధగా నమోదు చేసుకున్నారు. మన పిల్లల కోసం మనం రాసుకున్న వ్యాకరణాల్లో ఆ తెలుగుకి చోటు లేదు. మూడోది, 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళొచ్చిన ఒక ఉద్యోగి రాసుకున్న ప్రయాణ వృత్తాంతం. అంటే వచనం అవసరం పడ్డప్పుడు మనవాళ్ళు మామూలు భాషలో హాయిగా రాశారన్నమాట. బడి దగ్గరికి వచ్చేసరికే చిక్కొచ్చింది.

మెమో రాగానే గొడవ మొదలైంది. వావిలికొలను సుబ్బారావు, వేదం వేంకటరాయ శాస్త్రి వంటి పెద్ద పండితులు జయంతి వారి వెనక నిలబడ్డారు. 1913లో గిడుగు ఆధునిక తెలుగు మీద ఒక మెమొరాండం అచ్చు వేస్తే, అదే ఏడు జయంతి రామయ్య పంతులు గారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఇంకో పుస్తకం వేశారు. తెలుగు గురించిన ఈ పోట్లాటలో ఇద్దరూ రాసింది ఇంగ్లీషులో. నిర్ణయం తీసుకునేవాళ్ళు మద్రాసులో ఉన్నారు, వాళ్ళు చదివేది ఆ భాషే.

పండితుల వాదాన్ని ఎగతాళి చెయ్యడం ఇప్పుడు తేలిక. కానీ అందులో ఒక గట్టి ప్రశ్న ఉంది. జిల్లాకో యాస ఉన్నప్పుడు ఏ వాడుకని పుస్తకంలో పెడతారు? గంజాం పిల్లవాడికీ కడప పిల్లవాడికీ ఒకే పుస్తకం ఎలా పనికొస్తుంది? గ్రాంథికం ఎవరి నోట్లోనూ లేదు కాబట్టి ఎవరి పక్షమూ కాదు, అందరికీ సమానంగా కష్టం. గిడుగు వారు చెప్పిన జవాబు: చదువుకున్న పెద్దలు ఊరు దాటి నలుగురితో మాట్లాడేటప్పుడు వాడే తెలుగు ఒకటి ఏర్పడే ఉంది, అదే శిష్ట వ్యావహారికం, దాన్ని పుస్తకంలోకి తీసుకురండి. ఈ జవాబు దగ్గరికి మళ్ళీ వస్తాను.

1914కల్లా ఉత్తర్వులన్నీ రద్దయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో రోల్‌బ్యాక్ అంటాం చూడండి, అలా. బడిలో పరిస్థితి 1907కి వెనక్కి వెళ్ళిపోయింది. మద్రాసు యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యుడిగా ఉన్న గురజాడ, వ్యాసరచన ఉపసంఘం నిర్ణయాన్ని ఒప్పుకోనని 1914లో అసమ్మతి పత్రం రాశారు. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. పుస్తకమంత పొడవు వాదన అది. 1915 నవంబరు 30న పోయారు.

*

ఎందుకు ఓడిపోయారు? పండితులు ఛాందసులు, ప్రభుత్వం వాళ్ళ మాట విన్నది అనేది మామూలుగా చెప్పే జవాబు. అది సగమే అనిపిస్తుంది నాకు.

టీచింగ్ రిఫార్మ్ ఉద్యమానికి నాయకులు ఎవరో ఇంకోసారి చూద్దాం. ఒక ఇన్స్పెక్టరు, ఒక ప్రిన్సిపాలు, రాజాస్థానంలో పలుకుబడి ఉన్న ఒక రచయిత, ముప్ఫై ఏళ్ళు పనిచేసి 1911లో రిటైరైన ఒక సీనియర్ టీచరు. వీళ్ళలో బళ్ళో రోజూ తెలుగు క్లాసు తీసుకునే తెలుగు పండితుడు ఒక్కడూ లేడు. గిడుగు కూడా చరిత్ర టీచరుగా మొదలైనవారే.

ఆ పండితుడి వైపు నుంచి ఆలోచించండి. ఇంగ్లీషు బళ్ళో అతనికి మర్యాద తక్కువ, జీతం తక్కువ. ఇంగ్లీషు, లెక్కలు చెప్పేవాళ్ళ పక్కన అతను పాతకాలం మనిషి. అతని చేతిలో ఉన్న ఆస్తి ఒకటే: పిల్లలకీ హెడ్మాస్టరుకీ ఇన్స్పెక్టరుకీ రాని వ్యాకరణం తనకి వచ్చు. ఇప్పుడు ఒక తెల్లదొరా, ఒక అరవ ప్రిన్సిపాలూ వచ్చి, నువ్వు తప్పని కొట్టేసేదంతా ఒప్పే, పిల్లవాడు ఇంట్లో మాట్లాడినట్టే రాయొచ్చు అంటున్నారు. అతనికి అది సంస్కరణలా వినపడలేదు, ఉన్న ఒక్క ఆస్తినీ లాక్కోవడంలా వినపడింది. పరిషత్తు అతనితో, నువ్వు వెయ్యేళ్ళ వారసత్వానికి కాపలాదారువి అంది. ఎవరి వెనక వెళ్తాడు?

పిల్లల గురించి సరిగ్గా ఆలోచించిన సంఘం, ఆ పిల్లల ముందు నిలబడే మనిషి గురించి సరిపడా ఆలోచించలేదు. మార్పు పైనుంచి మెమో రూపంలో వచ్చింది కాబట్టి పైనుంచి ఇంకో ఉత్తర్వుతోనే పోయింది. కింద దాన్ని పట్టుకుని నిలబడేవాళ్ళు తయారవ్వలేదు.

ఆ తర్వాత ఉద్యమం పేరు మార్చుకుంది. 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం గారు, కార్యదర్శి గిడుగు. వీరేశలింగం గారు కూడా ఒకప్పటి టీచరే, ముందు గ్రాంథికం పక్షమే, జీవితం చివర్లో ఇటు వచ్చారు. మూడు నెలలకే పోయారు. గిడుగు అదే ఏడు 'తెలుగు' అనే మాసపత్రిక పెట్టి ఏడాది నడిపారు. కొత్త సంఘం పేరులో 'టీచింగ్' లేదు, 'భాష' ఉంది. పోరాటం క్లాసు వదిలి పత్రికల్లోకీ సభల్లోకీ వచ్చేసింది. అక్కడ గెలిచింది కూడా. కవులు, కథకులు, సంపాదకులు ఒక్కొక్కరే ఇటు వచ్చారు. 1940 జనవరి 22న గిడుగు చనిపోవడానికి వారం ముందు కూడా ఆయన చివరి విన్నపం పత్రికా సంపాదకులకే. పాఠ్యపుస్తకాల్లో వాడుక భాష స్థిరపడటానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. అందరికంటే ముందు ఎవరి కోసం అడిగారో, ఆ ఆరో తరగతి పిల్లవాడికి అది అందరికంటే చివర అందింది.

*

ఇప్పుడు మన కాలానికి వద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి తెలుగునాట టీచర్ల సంఘాలు బలంగా పెరిగాయి. ఎస్టీయూ, ఏపీటీఎఫ్, పీఆర్టీయూ, యూటీఎఫ్ అనే పొడి అక్షరాలు స్టాఫ్ రూముల్లో ఇంటి పేర్లలాంటివి. వీటి నాయకులు పైనుంచి వచ్చినవాళ్ళు కాదు, క్లాసులోంచి లేచినవాళ్ళు. అయ్యంగారి సంఘానికి లేనిది వీళ్ళ దగ్గర ఉంది: సభ్యత్వం. శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్లు ఎన్నుకునేవి. ఉత్తరాంధ్ర టీచర్ల స్థానం నుంచి 2019లో పాకలపాటి రఘువర్మ, 2025లో గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. ఆ ఎన్నికలప్పుడు విశాఖలో పార్టీలన్నీ ఈ సంఘాల వైపు చూస్తాయి. ఒక తిరకాసు ఏమిటంటే రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం ఓటు సెకండరీ స్కూలు, ఆపై స్థాయిలో పనిచేసేవాళ్ళకే. ప్రాథమిక పాఠశాల టీచరుకి లేదు.

సంఘాల డిమాండ్లు ఏమిటో వార్తలు చదివే ఎవరికైనా తెలుసు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళకి పెట్టిన సీపీఎస్ పింఛను రద్దు, పీఆర్సీ, బదిలీలు, పదోన్నతులు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ కోసం విజయవాడ రోడ్లు నిండిపోయాయి. ఇవి చిన్న విషయాలు కావు. 1907 సంఘం ఓటమి నేర్పే పాఠం కూడా అదే, టీచరు బతుకు పట్టించుకోని సంస్కరణ నిలబడదు. భాషా పండితుల సంగతే చూడండి. గ్రేడ్-2 పండిట్ పేరుతో, సెకండరీ గ్రేడ్ టీచరు స్కేలు మీద హైస్కూలు పిల్లలకి పాఠాలు చెప్తూ, స్కూల్ అసిస్టెంట్ హోదా కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. జయంతి వారి వెనక వెళ్ళిన ఆనాటి పండితుడి మనవళ్ళు వీళ్ళు. వందేళ్ళ తర్వాత కూడా తెలుగు చెప్పేవాడి మర్యాద కోసం విడిగా కొట్లాడాల్సి వచ్చింది.

కానీ యేట్స్ వెనక బెంచీలో కూర్చుని అడిగిన ప్రశ్న, పిల్లవాడికి అర్థమవుతోందా, వాడు రాసేది వాడి మాటేనా అన్నది, డిమాండ్ల పత్రంలో మొదటి స్థానానికి రావడం అరుదు. 2019 నవంబరులో జీవో 81తో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు ఆ ప్రశ్న ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. మళ్ళీ అదే తీరు: పైనుంచి ఉత్తర్వు, పైనుంచే రద్దు. మధ్యలో ఛానెళ్ళలో వాదించుకున్నది పార్టీలూ రచయితలూ. కాన్వెంటు ఫీజు కట్టలేని తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలంటే దాన్ని మోజు అని కొట్టిపారెయ్యడం కుదరదు. అలాగే ఇంట్లో ఇంగ్లీషు వినపడని పిల్లవాడు పుస్తకాన్ని బట్టీ పడితే దాన్ని చదువు అనడమూ కుదరదు. ఈ రెంటి మధ్య దారి ఏమిటో చెప్పగలిగినవాళ్ళు రోజూ ఆ క్లాసులో నిలబడేవాళ్ళే.

ఇక శిష్ట వ్యావహారికం. గిడుగు వారి జవాబు ఆ కాలానికి పెద్ద ముందడుగు. కానీ 'శిష్టులు' ఎవరు? చదువుకునే వీలున్న కులాలవాళ్ళు, ఎక్కువగా కోస్తావాళ్ళు. విశాఖ తీరంలో జాలారి పేటల పిల్లలు 'ఏటి', 'ఎల్లిపోనాను' అంటారు. ఈ ఊరి లాయరు రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఆ భాషని కథల్లోకి తెచ్చాక అది గొప్ప సాహిత్యం అయింది, మనం మురిసిపోయాం. అదే మాట పరీక్ష పేపర్లో రాసిన పిల్లవాడికి ఎర్ర సిరా గీత పడుతుంది. బాలవ్యాకరణం పోయింది గానీ గీత పోలేదు, చోటు మారింది. ఇంకా పైకి, కొండల మీదికి వెళ్తే సవర పిల్లలున్నారు. 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చింది. గిడుగు తన జీతం డబ్బుతో బళ్ళు పెట్టిన ఎన్నాళ్ళకి!

ఉద్యమ చరిత్రని మనం సాహిత్యం గెలిచిన కథగా చెప్పుకుంటే హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఆ కథ ముగిసింది, గెలిచినవాళ్ళం మనమే. టీచర్ల కథగా చెప్పుకుంటే అది ఇంకా ముగియలేదని ఒప్పుకోవాలి. తెలుగు టీచింగ్ రిఫార్మ్ సొసైటీకి ఈ రోజు విశాఖలో గుర్తుగా ఏమీ మిగల్లేదు. మిగిలింది దాని పని. ఆగస్టు 29న దండ వేసేటప్పుడు ఎవరైనా ఒక తెలుగు టీచర్ని మైకు ముందుకి పిలిచి, మీ ఆరో తరగతిలో పిల్లలు సొంతంగా ఒక పేజీ రాయగలుగుతున్నారా, లేకపోతే ఏం అడ్డొస్తోంది అని అడిగితే, చెప్పే జవాబు ఉపన్యాసం అంత వినసొంపుగా ఉండకపోవచ్చు. 1907లో మాత్రం ఒక కాలేజీ ప్రిన్సిపాలు ఆ ప్రశ్నని తప్పించుకోకుండా ఇద్దరు తెలిసినవాళ్ళ పేర్లు చెప్పారు. మన తెలుగు అక్కణ్ణించి వచ్చింది.